సోమశిలకు ఏ ఫ్రిజ్ కావాలి?

ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిన రోజే ఊళ్ళో మనకు ఇంకో ఉద్యోగం కూడా వచ్చేస్తుంది. జీతం ఉండదు, సెలవు ఉండదు. ఎవరింట్లో ఫ్యాన్ తిరగకపోయినా, బోరు మోటరు కాలినా, ఫ్రిజ్ చల్లబడకపోయినా "మీ బిడ్డ ఇంజనీరింగ్ సదువుతుంది గదా, ఓసారి పిలువుండ్రి" అంటారు. మెకానికలా, కంప్యూటర్సా, సివిలా అన్నది వాళ్ళకి అనవసరం.

చాలామంది ఫ్రెండ్స్ దీన్ని జోక్‌గా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ పిలుపులో న్యాయం కనిపిస్తుంది. వేపర్ కంప్రెషన్ సైకిల్ బొమ్మ గీసి, పీ-హెచ్ చార్ట్ మీద నాలుగు పాయింట్లు పెట్టి, సీఓపీ కట్టి మార్కులు తెచ్చుకుంటాం. అదే సైకిల్ మన వంటింట్లో రోజంతా తిరుగుతుంటే దాని ముందు నిలబడి "మెకానిక్‌ని పిలవండి" అనడం ఏం బాగుంటుంది?

అందుకే ఈసారి కవిత్వం పక్కన పెట్టి ఫ్రిజ్ గురించి రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఫ్రిజ్‌ని తలుపులు, రంగు చూసి కొనకూడదు. మన ఇంట్లో ఏం పెడతాం, ఎంత పెడతాం, మన కరెంటు ఎలా ఉంటుంది అన్నది చూసి కొనాలి. కొన్నాక చల్లబడకపోతే, "గ్యాస్ అయిపోయింది" అన్న మాటకు డబ్బు కట్టేముందు మనమే చూసుకోగలిగినవి చాలా ఉన్నాయి. ఉదాహరణకి వేరే ఊరు ఎందుకు, మా సోమశిలనే తీసుకుంటా.

ముందు ఊరు

తెలియనివాళ్ళ కోసం: సోమశిల నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలో కృష్ణ ఒడ్డున ఉంటుంది. మా ముందు కనబడేది శ్రీశైలం రిజర్వాయర్ వెనక నీళ్ళు. డ్యాం నిండు మట్టం 885 అడుగులు. నీళ్ళు ఆ మట్టానికి దగ్గరైనప్పుడు మా ఊరు సముద్రం ఒడ్డున ఉన్నట్టు ఉంటుంది. వేసవిలో ఆ నీళ్ళే దూరం జరిగి బురద తేలుతుంది. ముంపులో పోవాల్సిన లలితా సోమేశ్వరాలయాన్ని విప్పి, పైకి తెచ్చి మళ్ళీ కట్టారు. సెలవు రోజుల్లో హైదరాబాద్ నుంచి కూడా జనం వస్తారు. గుడి చూస్తారు, పడవ ఎక్కుతారు, వేడివేడి చేప వేపుడు తిని పోతారు.

ఈ చేప దగ్గరే ఫ్రిజ్ కథ మొదలవుతుంది. పొద్దున్నే వల తీసినప్పుడు బొచ్చెనో, రవ్వనో, జెల్లనో, అదృష్టం బాగుంటే కొర్రమీనో పడుతుంది. ఒడ్డుకొచ్చిన నిమిషం నుంచి గడియారం మొదలైనట్టే. ఐసు ఉన్నవాడు సాయంత్రం దాకా ఆగి, ధర నచ్చితే అమ్ముతాడు. ఐసు లేనివాడు ఎండ ఎక్కేలోపు ఎంతొస్తే అంతకు ఇచ్చేయాలి. చల్లదనం లేకపోతే బేరమాడే హక్కు లేదన్నమాట. కాబట్టి "ఏ ఫ్రిజ్ కొనాలి" అన్నది మా ఊళ్ళో షోకు ప్రశ్న కాదు, కొంతమందికి అది బతుకుతెరువు ప్రశ్న.

అయినా ఫ్రిజ్ కొనే సలహాలన్నీ హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ కోసం రాసినట్టే ఉంటాయి. "నలుగురుంటే ఇన్ని లీటర్లు, డబుల్ డోర్ తీసుకోండి" అంటారు. నా లెక్కలో సోమశిలలో మూడు రకాల ఇళ్ళున్నాయి. పాలు, పెరుగు, దోశ పిండి, రాత్రి మిగిలిన పులుసు పెట్టుకునే మామూలు ఇల్లు ఒకటి. వల వేసే ఇల్లు ఒకటి. ఘాటు దగ్గర చేప వేపుడు బండి నడిపే ఇల్లు ఒకటి. ఈ మూడింటికీ ఒకే ఫ్రిజ్ సరిపోదు.

మూడు పెట్టెలు, మూడు స్వభావాలు

సింగిల్ డోర్ ఫ్రిజ్ దాదాపు ఎప్పుడూ డైరెక్ట్ కూల్ రకం. ఇందులో పైన ఉన్న చిన్న ఐసు గది గోడలే వేడిని లాగేసే ఎవాపరేటర్. అక్కడ చల్లబడ్డ గాలి బరువెక్కి తనంతట తానే కిందికి దిగుతుంది. ఫ్యాన్ లేదు, హీటర్ లేదు. చెడిపోయే భాగాలు తక్కువ, కరెంటు ఖర్చు తక్కువ. ఇబ్బంది ఏంటంటే ఐసు గది చుట్టూ మంచు పేరుకుంటుంది, అప్పుడప్పుడూ బటన్ నొక్కి కరిగించాలి.

డబుల్ డోర్ అంటే మామూలుగా ఫ్రాస్ట్ ఫ్రీ. ఎవాపరేటర్ కాయిల్ వెనక దాగి ఉంటుంది. ఫ్యాన్ ఆ చల్లగాలిని పైకీ కిందికీ తోస్తుంది. కాయిల్ మీద మంచు పడితే, కొన్ని గంటలకోసారి హీటర్ దానంతట అదే వెలిగి కరిగిస్తుంది. ఆ నీళ్ళు చిన్న కాలువ గుండా కంప్రెసర్ దగ్గరున్న పళ్ళెంలోకి పోయి ఆవిరైపోతాయి. సుఖం ఎక్కువ. కానీ ఫ్యాన్, హీటర్, సెన్సర్, బోర్డు, కాలువ... వీటిల్లో ఏది ఆగినా కింద గది వెచ్చబడుతుంది.

మూడోది పై మూత డీప్ ఫ్రీజర్, ఐస్‌క్రీం షాపులో చూసేది. దీని గొప్పతనం సింపుల్ ఫిజిక్స్. చల్లగాలి బరువు కాబట్టి మూత పైకి తీసినా లోపలే ఉంటుంది. నిలువు తలుపు తీస్తే ఆ గాలి మన కాళ్ళ మీదికి దొర్లిపోతుంది. రోజుకు యాభైసార్లు తెరిచే బండి దగ్గర ఈ తేడా చిన్నది కాదు. ఇందులోనూ గాజు మూతది సరుకు చూపించి అమ్మడానికి, గట్టి మూతది నిల్వకి. చేపలకు గట్టి మూతదే మేలు.

సైడ్ బై సైడ్ గురించి ఒక్క వాక్యం: మా ఊరి వంటింటి గుమ్మంలోంచి అది లోపలికి పట్టాలి కదా ముందు.

ఐదు కిలోల చేప లెక్క

డబుల్ డోర్ కొంటే చేపలు కూడా అందులోనే పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అంటారు. రండి, మనకొచ్చిన చదువుతో ఒకసారి లెక్క కడదాం.

30 డిగ్రీల దగ్గర ఉన్న 5 కిలోల చేపను సున్నాకి తేవాలంటే, చేప విశిష్టోష్ణం కిలోకి 3.6 కిలోజౌళ్ళు అనుకుంటే, సుమారు 540 కిలోజౌళ్ళు తీయాలి. అక్కడి నుంచి గడ్డకట్టించడానికి దాదాపు 1300. గడ్డకట్టాక మైనస్ 18 దాకా దింపడానికి ఇంకో 180. మొత్తం 2000 కిలోజౌళ్ళ పైమాటే. ఇంట్లో ఫ్రిజ్ కంప్రెసర్ 100 వాట్ల వేగంతో వేడిని తీస్తుందనుకోండి. వేరే పనేమీ లేకుండా, తలుపు తీయకుండా, మొత్తం శక్తి చేపకే పెట్టినా అయిదున్నర గంటలు పడుతుంది. నిజంలో గోడల నుంచి వేడి వస్తూనే ఉంటుంది, చేపల కుప్ప మధ్యలోకి చలి మెల్లగా పోతుంది కాబట్టి చాలా ఎక్కువ పడుతుంది. అప్పటిదాకా మధ్యలో ఉన్న చేప వెచ్చగానే ఉంటుంది. పక్కనున్న పాలు కూడా దాంతోపాటు వెచ్చబడతాయి.

ఇప్పుడు ఐసు సంగతి చూడండి. కిలో ఐసు కరిగితే 334 కిలోజౌళ్ళు మింగుతుంది. అంటే ఆ 540 తీయడానికి కిలోన్నర పైచిలుకు ఐసు చాలు. ఎండకి పోయేది కూడా కలుపుకుని, చేప ఎంత బరువో ఐసు అంత బరువు వేస్తే సరి. పలకల్లా కాకుండా నలగ్గొట్టిన ఐసు చేప ఒంటికి అన్ని వైపులా అంటుకుంటుంది, అందుకే తొందరగా చల్లారుతుంది. ఇంకో మాట: సున్నా దగ్గర ఉంచిన చేపతో పోలిస్తే 5 డిగ్రీల దగ్గర ఉంచింది సుమారు రెండింతల వేగంతో చెడుతుంది. ఫ్రిజ్ కింద గది ఎంత మంచిదైనా 3 నుంచి 5 డిగ్రీల్లోనే ఉంటుంది. అంటే తాజా చేప విషయంలో లక్ష రూపాయల ఫ్రిజ్ కంటే థర్మకోల్ డబ్బాలో ఐసే గెలుస్తుంది.

కాబట్టి నా తీర్పు ఇది. మామూలు ఇంటికి సింగిల్ డోర్ డైరెక్ట్ కూల్. వల వేసే ఇంటికి కూడా అదే, దాంతోపాటు మందమైన మంచి ఐసు డబ్బా. డబుల్ డోర్‌కి పెట్టే అదనపు డబ్బు ఆ డబ్బాకి, రోజూ ఐసుకి పెడితే చేపకు ధర వస్తుంది. వేపుడు బండికి గట్టి మూత డీప్ ఫ్రీజర్, అదీ చేపను ముందు ఐసులో చల్లార్చి, చిన్న చిన్న పొట్లాలు కట్టి, పలచగా పేర్చి పెట్టేట్టయితేనే.

మరి డబుల్ డోర్ తప్పా?

తప్పు కాదు. "మంచు కరిగించేది నువ్వా, నీళ్ళు తుడిచేది నువ్వా?" అని మా అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్న. సింగిల్ డోర్ చవక అని తేల్చేవాళ్ళు ఎక్కువగా దాన్ని శుభ్రం చేయనివాళ్ళే. ఆరేడుగురున్న ఇల్లయినా, పొద్దున పోయి రాత్రి వచ్చే ఉద్యోగాల ఇల్లయినా, కరెంటు నిలకడగా ఉంటే ఫ్రాస్ట్ ఫ్రీ సుఖానికి విలువ ఉంది. కొనుక్కోవచ్చు. లేదంటే సింగిల్ డోర్ కొని, మంచు కరిగించే పని ఇంట్లో కాలేజీకి పోయే పిల్లలకి అప్పగించాలి. నెలకో అరపూట పని అది.

కొనేటప్పుడు ఇంకో చోట కూడా మోసపోతాం. నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకుంటాం. బీఈఈ లేబుల్ మీద నక్షత్రాల కంటే ముఖ్యమైన అంకె ఒకటి ఉంటుంది: ఏడాదికి ఎన్ని యూనిట్లు అని. నక్షత్రాలు ఆయా రకం, ఆయా సైజు లోపల పోలికకే ఇస్తారు. అందుకే పెద్ద ఫ్రాస్ట్ ఫ్రీ అయిదు నక్షత్రాలది, చిన్న డైరెక్ట్ కూల్ మూడు నక్షత్రాల దానికంటే ఎక్కువ యూనిట్లు తినొచ్చు. పైగా ఆ కొలబద్దని కొన్నేళ్ళకోసారి బిగిస్తారు. పాత స్టాకు మీది అయిదు నక్షత్రాలు ఈనాటి అయిదుతో సమానం కాదు. లేబుల్ మీద ఏ కాలానికి చెల్లుతుందో కూడా ఉంటుంది, చూడండి.

కరెంటు సంగతి

మా ముందున్న నీళ్ళే కిందికి పోయి శ్రీశైలం దగ్గర ఎడమ గట్టున 900 మెగావాట్లు, కుడి గట్టున 770 మెగావాట్ల కేంద్రాలను తిప్పుతాయి. ఆ నీళ్ళకు చోటిచ్చిన ఊళ్ళు ఇటువైపువే. అయినా వేసవి సాయంత్రం అందరి కూలర్లూ ఒకేసారి తిరిగినప్పుడు, లైను చివర ఇంట్లో బల్బు ఎర్రబడుతుంది. గాలివాన వస్తే కరెంటు పోతుంది, వస్తుంది, మళ్ళీ పోతుంది. ఇది ఫ్రిజ్‌ని ఎలా చంపుతుందో మనకు తెలియాలి.

మామూలు కంప్రెసర్ మోటరు టార్క్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండాల్సిన చోట 170 వస్తే, టార్క్ 55 శాతానికి పడిపోతుంది. పైగా కరెంటు పోయి వెంటనే వస్తే లోపల గ్యాస్ పీడనం ఇంకా సమానం కాదు. అంటే బరువు ఎక్కువ, బలం సగం. మోటరు తిరగలేక వేడెక్కుతుంది, ఓవర్‌లోడ్ "టక్" మని కట్ చేస్తుంది, కొన్ని నిమిషాలకి మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఇలా రాత్రంతా టక్ టక్ మంటుంటే మోటరు చుట్టు కాలడానికి ఎన్నో రోజులు పట్టదు. అందుకే స్టెబిలైజర్ కొంటే కరెంటు వచ్చాక మూడు నాలుగు నిమిషాలు ఆగి ఇచ్చే టైం డిలే ఉన్నదే కొనాలి.

ఇన్వర్టర్ కంప్రెసర్ నెమ్మదిగా మొదలై, అవసరాన్ని బట్టి వేగం మార్చుకుంటుంది. తక్కువ వోల్టేజీని బాగా తట్టుకుంటుంది. "స్టెబిలైజర్ అక్కర్లేదు" అని స్టిక్కర్ అంటిస్తారు గానీ, ఎంత నుంచి ఎంత వోల్టేజీ దాకా అక్కర్లేదో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీ ఇంట్లో సాయంత్రం ఏడింటికి వోల్టేజీ కొలిచి, ఆ అంకెతో పోల్చుకుని అప్పుడు నమ్మండి.

కరెంటు పోతే ఎంతసేపు ఆగుతుంది? అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క: తలుపు తీయకపోతే ఫ్రిజ్ గది 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండితే 24. మన మే నెల ఎండకు ఇందులో కొంత కోసుకోవాలి. ఖాళీగా ఉన్న ఫ్రీజర్‌లో నీళ్ళ సీసాలు గడ్డకట్టించి పెట్టుకుంటే ఆ సమయం పెరుగుతుంది.

చల్లబడట్లేదు: వరసగా చూడాల్సినవి

మొన్న సెలవులకి పోయినప్పుడు మా పెద్దమ్మ పిలిచింది. "ఏం బిడ్డా, మా ఫ్రిజ్జు సల్లగైతలేదు. ఆయన వచ్చి గ్యాసు అయిపోయింది అన్నడు. పోయిన ఎండాకాలమే నింపిచ్చినం గదనే" అంది. పోయి చూస్తే ఫ్రిజ్‌ని గోడ గూట్లోకి రెండు వైపులా ఆనించి తోసేశారు. పక్కనే గ్యాసు పొయ్యి. లోపల పది నీళ్ళ సీసాలు, ఒక పెద్ద గిన్నెలో పొద్దున వండిన పులుసు వేడిగానే. "పెద్దమ్మా, రేపటిదాకా ఆగు, ఆయన్ని పిలవకు" అని చెప్పి, ఇద్దరం కలిసి ఫ్రిజ్‌ని జానెడు ఇవతలికి జరిపాం. పులుసు బయట పెట్టాం. తాగే నీళ్ళు కుండకే వదిలేశాం. తెల్లారి పెరుగు గట్టిగా, చల్లగా ఉంది. "గింతేనా?" అంది. అవును, ఆ ఇంట్లో అంతే.

అన్ని ఇళ్ళల్లో అంతే ఉండదు. అందుకే వరస చెప్తున్నా.

ముందు కొలవండి. చిన్న థర్మామీటర్‌ని గ్లాసు నీళ్ళలో వేసి, మధ్య అరలో రాత్రంతా ఉంచండి. పొద్దున 5 డిగ్రీల లోపుంటే ఫ్రిజ్ బాగానే ఉంది. చేత్తో తాకి "సల్లగ లేదు" అనడం కొలత కాదు.

తర్వాత డయల్. దాని మీద అంకెలు డిగ్రీలు కావు. అంకె పెరిగితే చలి పెరుగుతుంది. ఎండాకాలం అని చివరిదాకా తిప్పేస్తే కంప్రెసర్ ఆగకుండా తిరిగి మంచు మాత్రం పెరుగుతుంది. మధ్యలో ఉంచి ఒక రోజు చూడండి.

మూడోది ఊపిరి. లోపల తీసిన వేడి బయటికి పోవాలి. పాత వాటికి వెనక నల్లటి జాలీ ఉంటుంది, దాని దుమ్ము దులపాలి. కొత్త వాటిల్లో చాలావరకు ఆ గొట్టాలు పక్క గోడల్లోనే ఉంటాయి, అందుకే పక్కలు వెచ్చగా ఉంటాయి. అది రోగం కాదు. ఆ పక్కల్ని గోడకి ఆనించడమే రోగం. కార్నో లెక్క ప్రకారం లోపల మైనస్ 18 ఉన్నప్పుడు కండెన్సర్ 40 డిగ్రీల దగ్గర ఉంటే సీఓపీ 4.4. అదే 55కి పోతే 3.5. గాలి ఆడనందుకే ఐదో వంతు పోయింది.

నాలుగోది తలుపు రబ్బరు, అదే గ్యాస్కెట్. ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగండి. బిగుతుగా రావాలి. నాలుగు వైపులా చూడండి. వదులుగా జారిపోతే ముందు సబ్బు నీళ్ళతో జిడ్డు కడగండి. అయినా జారితే రబ్బరు మార్చాలి. ఫ్రిజ్ ముందు కాళ్ళు కొంచెం ఎత్తుగా ఉంటే తలుపు తనే మూసుకుంటుంది.

ఐదోది మంచు. సింగిల్ డోర్‌లో అర సెంటీమీటరు దాటితే కరిగించాలి. మంచు దుప్పటిలా పనిచేసి చలిని బయటికి రానివ్వదు. ఇక్కడ దయచేసి చాకు, స్క్రూడ్రైవర్ వాడకండి. ఆ పలచటి అల్యూమినియం గోడలోనే గ్యాస్ తిరుగుతుంది. ఒక్క పోటుతో ఫ్రిజ్ అయిపోతుంది. ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లలో ఉన్నది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. ఓజోన్‌కి మంచిది గానీ మంటకి అంటుకుంటుంది. పొరపాటున గుచ్చుకుంటే కిటికీలు తెరవండి, పొయ్యి వెలిగించకండి, స్విచ్చులు ముట్టుకోకండి.

ఫ్రాస్ట్ ఫ్రీలో పైన ఐసు బాగుంది, కింద వెచ్చగా ఉంది అంటే ముందు గాలి రంధ్రాలకు కూరగాయల సంచి అడ్డం పెట్టారేమో చూడండి. అది కాకపోతే ప్లగ్గు తీసి, తలుపులు తెరిచి ఒక రోజు వదిలేయండి. మళ్ళీ పెట్టాక కొన్ని రోజులు బాగా పనిచేసి తర్వాత వెనకటి కథే అయితే, కాయిల్ మీద మంచు కరగట్లేదని అర్థం. డీఫ్రాస్ట్ హీటరో, సెన్సరో పోయింది. ఫ్యాన్ చప్పుడే లేకపోతే ఫ్యాన్. కూరగాయల డబ్బా కింద నీళ్ళు నిలిస్తే కాలువ మూసుకుంది, గోరువెచ్చని నీళ్ళు మెల్లగా పోస్తే తెరుచుకుంటుంది. ఈ సంగతులు మెకానిక్‌కి ఫోన్‌లోనే చెప్పగలిగితే ఆయన సరైన సామాను తెచ్చుకుంటాడు, ఆయనకీ ఒక ట్రిప్పు మిగులుతుంది.

ఇంకోటి, మా వైపు ప్రత్యేకం. కొల్లాపూర్ మామిడి వచ్చే రోజుల్లో కాయల్ని పండకముందే ఫ్రిజ్‌లో కుక్కేస్తారు. పచ్చి మామిడి కాయకు 10-12 డిగ్రీల కంటే తక్కువ చలి పడదు. తొక్క నల్లబడుతుంది, తర్వాత సరిగా పండదు. గడ్డిలోనే పండనిచ్చి, పండాక పెట్టుకోండి. పచ్చి చేప మాత్రం మూత డబ్బాలో, అన్నిటికంటే కింద. దాని నీళ్ళు పెరుగు మీద కారకూడదు.

"గ్యాస్ అయిపోయింది"

ఇప్పుడు అసలు మాట. ఫ్రిజ్‌లో గ్యాస్ పెట్రోల్ లాంటిది కాదు, ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఆవిరై, ద్రవమై, మళ్ళీ ఆవిరై ఏళ్ళ తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు వెతకకుండా నింపడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. పోయిన ఎండాకాలం నింపినవాళ్ళు ఈ ఎండాకాలం మళ్ళీ నింపాలన్నప్పుడు మనం అడగాల్సినవి ఇవి: లీకు ఎక్కడ? అతుకు వేశారా? వాక్యూమ్ చేస్తారా? గ్యాస్ తూకం వేసి పోస్తారా? వెనక స్టిక్కర్ మీద రాసిన గ్యాసేనా? ఆర్-600ఎ ఫ్రిజ్‌లో పట్టేది కొన్ని పదుల గ్రాములే. దాన్ని అంచనాగా కొట్టడం కుదరదు. ఆర్-134ఎ ఉన్న సిలిండర్ తెచ్చి అందులో నింపడం అసలే కుదరదు.

మెకానిక్‌లందరూ మోసగాళ్ళని నా ఉద్దేశం కాదు. మనకంటే చేతిపని బాగా తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వైరింగు, కంప్రెసర్, గ్యాస్ పని వాళ్ళదే, మనం వేలు పెట్టకూడదు. కానీ అడిగేవాళ్ళు లేని చోట పని తేలిగ్గా తేలిపోతుంది. వేపుడు అమ్మి రూపాయి రూపాయి కూడబెట్టే మా పెద్దమ్మ లాంటివాళ్ళ తరఫున ఆ నాలుగు ప్రశ్నలు అడగడానికి ఇంట్లో ఒక ఇంజనీరింగ్ పిల్ల ఉండాలి కదా. ఉండి కూడా అడగకపోతే ఆ సీఓపీ లెక్కకు వచ్చిన పది మార్కులు ఎవరికి ఉపయోగం?

అందుకే ఒక విన్నపం. మన ల్యాబ్‌లో టెస్ట్ రిగ్ మీద రీడింగులు తీసుకుంటాం, మంచిదే. దాని పక్కనే ఒక పాత సింగిల్ డోర్, ఒక పాత ఫ్రాస్ట్ ఫ్రీ పెట్టించమని డిపార్ట్‌మెంట్‌ని అడుగుదాం. రబ్బరు వదులు చేసి, ఫ్యాన్ వైరు తీసి, కాలువ మూసి, "ఏం జరిగిందో కనుక్కోండి" అని పరీక్ష పెట్టమందాం. సీనియర్లు ఎవరైనా ముందుకొస్తే తెలుగులో ఒక పేజీ చెక్‌లిస్టు నేను రాసిస్తాను. వచ్చే సెలవుల్లో ఎవరి ఊరికి వాళ్ళం పట్టుకుపోదాం. ఆలోపు మీరు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్కటి అడగండి: ఫ్రిజ్‌కి గోడకి మధ్య చెయ్యి పడుతుందా అని.